ఇద్దరు లీడర్లు

మినీ ప్రాజెక్ట్ రివ్యూకి నాలుగు రోజుల ముందు మా క్లస్టర్ భేషుగ్గా నడుస్తోంది. ఐదు నోడ్లు, అందులో ఒకటి లీడర్. కంట్రోల్ సి కొట్టి లీడర్‌ని చంపితే, మిగతావి ఓట్లేసుకుని క్షణాల్లో కొత్త లీడర్‌ని పెట్టుకుంటున్నాయి. మేం ముగ్గురం పార్టీ ఎక్కడా అనే దాకా వెళ్ళాం. ఫైనల్ ఇయర్ అక్క ఒకామె చూసి, "మనుషులు పోతేనే కాదు, మాట్లాడుకోకపోయినా ఇల్లు చెడుతుంది. వైరు తెంపి చూశారా?" అంది.

వైరెక్కడిది? ఐదూ ఒకే లాప్‌టాప్‌లో ఉన్నాయి కదా!

దానికే మినినెట్. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది, 2010లో పేపర్ వచ్చింది. లినక్స్‌లో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ అని ఒక సదుపాయం ఉంది. ఒకే మెషీన్‌లో ఒక్కో ప్రాసెస్‌కీ సొంత ఐపీ అడ్రస్, సొంత రూటింగ్ టేబుల్ ఇచ్చి విడిగా గది కట్టేస్తుంది. మినినెట్ ఆ గదుల మధ్య ఉత్తుత్తి తీగలు లాగుతుంది. లోపల నడిచేది మాత్రం మన అసలు కోడే. (ఎన్‌ఎస్-3 లాంటి సిమ్యులేటర్ల దారి వేరు, అక్కడ గడియారం కూడా సిమ్యులేటర్‌దే.)

ఒక స్విచ్‌కి మూడు నోడ్లు, ఇంకో స్విచ్‌కి రెండు తగిలించి, మధ్య లింక్‌కి 50 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టాం. పింగ్ కొడితే 100 చూపించింది. అరగంట బుర్ర గోక్కున్నాం. పింగ్ చెప్పేది పోయి రావడానికి పట్టే టైం అని పరీక్షలో రాసినవాళ్ళమే! 1983లో మైక్ మూస్ దాన్ని రాసినప్పుడు ఆ పేరు సోనార్ శబ్దం నుంచే తీసుకున్నాడట. శబ్దం వెళ్ళి తగిలి తిరిగి రావాలి కదా.

తర్వాత ఆ లింక్ డౌన్ చేశాం. లీడర్ ముగ్గురి వైపే ఉంది. కాసేపటికి ఇద్దరి వైపు కూడా ఒక లీడర్ లేచింది. ఇటు బ్యాలెన్స్ 500 అని రాస్తే సరే అంది, అటు 700 అని రాసినా సరే అంది. లింక్ కలిపాక 500 మాయం. అది నిజం బ్యాంకైతే?

వైర్‌షార్క్ తెరిచి ఓట్ల ప్యాకెట్లు ఒక్కొక్కటే చూశాం. ఆ కొత్త లీడర్‌కి పడింది తన ఓటు, పక్కనోడి ఓటు, అంతే రెండు. మా కోడ్ పలకని నోడ్లని చచ్చిపోయినట్టు లెక్కేసి లిస్టులోంచి తీసేస్తోంది. మిగిలిన ఇద్దరిలో రెండు ఓట్లంటే మెజారిటీయే మరి! పలకనివాడు పోయాడా, దారి తెగిందా అనేది ఇవతల నుంచి తేల్చలేం. అందుకే రాఫ్ట్‌లో మెజారిటీ ఎప్పుడూ మొత్తం ఐదుగురిలోనే లెక్క. 2014 నాటి ఆ పేపర్‌లో స్పష్టంగా ఉంది. మేం చదివింది స్లైడ్లు.

మార్చింది ఒక్క లైనే. ఇప్పుడు పాత లీడర్ ఇద్దరి వైపు చిక్కుకుంటే తానే లీడరనుకుంటూ కూర్చుంటుంది గానీ, మూడు కాపీలు పడనిదే ఏ రాతకీ సరే అనదు. అటువైపు క్లయింట్‌కి జవాబు రాక చిరాకే. నాకైతే ఆ చిరాకే నయం.

రివ్యూలో సార్ "మూడు ముక్కలు చెయ్యండి" అన్నారు. ఇంకో స్విచ్ చేర్చి రెండు, రెండు, ఒకటిగా విడగొట్టాం. ఎవరికీ మూడు ఓట్లు రాక అంతా ఆగిపోయింది. లింకులు కలిపాం. ఒకే ఒక్క లీడర్ లేచింది.