మెట్రోకి పది నిమిషాలు

మన కాలేజీలో సీనియర్లు హాస్టల్ ఖాళీ చేసేటప్పుడు పరుపు, బకెట్టు, డ్రాఫ్టర్ జూనియర్ల చేతిలో పెట్టి పోతారు. ఇల్లు అద్దెకు ఎలా వెతుక్కోవాలో మాత్రం ఎవరూ చెప్పి పోరు. ఇంటర్న్‌షిప్ అని హైదరాబాద్‌లో దిగాక ఎవడి తిప్పలు వాడివే. నా తిప్పలకు మూడు నెలల కాలం, ఒక నెల అద్దె ఖర్చయ్యాయి. ఆ పాఠమే ఇది. సిలబస్‌లో లేదు కానీ మీలో సగం మందికి వచ్చే సెమిస్టర్‌లోనే పరీక్ష.

ఏడో సెమిస్టర్‌కి నాకు రాయదుర్గంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. అదే జూన్‌లో మా చెల్లి నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి దిల్‌సుఖ్‌నగర్‌లో చేరింది. ఇద్దరినీ రెండు హాస్టళ్లలో పెట్టే బదులు ఒక ఇల్లు తీసుకుని అమ్మను తోడు పంపిస్తానన్నాడు నాన్న. తను మాత్రం సూర్యాపేట దగ్గర మా ఊళ్లోనే ఉండాలి, పొలం, రెండు బర్రెలు ఉన్నాయి కాబట్టి. అద్దె, కరెంటు, నీళ్లు, ఆటోలు అన్నీ కలిపి నెలకు 13,000 దాటొద్దన్నాడు. మెట్రో టికెట్ నా స్టైపెండ్‌లోంచి.

సిటీలో ఏ మూల వెతకాలి అన్నదానికి మాకు పెద్ద చర్చ జరగలేదు. విజయవాడ హైవే మీద వచ్చే బస్సులు ఎల్బీనగర్‌లో ఆగుతాయి. సూర్యాపేట, నల్గొండ, ఖమ్మం వాళ్లు అందుకే ఆ చుట్టుపక్కలే ఎక్కువ కనపడతారు. వరంగల్ వాళ్లకు ఉప్పల్ ఎలాగో, అలాగన్నమాట. ఊరి బస్సు ఎక్కడ ఆగితే మనవాళ్ల ఇళ్లు ఆ చుట్టూ అల్లుకుంటాయి. అర్ధరాత్రి ఊరి నుంచి ఫోన్ వస్తే గంటలో బస్సెక్కగలిగే చోటు కావాలని నాన్న అడిగింది కూడా అదే.

నాగోలు ఈ లెక్కకు సరిగ్గా కుదిరింది. బ్లూ లైన్ ఒక చివర నాగోలు, ఇంకో చివర రాయదుర్గం. అమీర్‌పేటలో దిగి మారే పని లేదు, కూర్చుంటే కూర్చున్నట్టే. 2017 నవంబర్‌లో మెట్రో మొదలైనప్పుడే నాగోలు దాకా వచ్చింది, రాయదుర్గం దాకా 2019లో పూర్తయింది. ఎల్బీనగర్ పక్కనే. దిల్‌సుఖ్‌నగర్‌కు బస్సు ఉంది, పైగా 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి చెల్లికి ఖర్చు సున్నా. మ్యాప్ మీద ఇంతకంటే మంచి చోటు లేదు.

మ్యాప్ మీదే.

బండ్లగూడ దాటి లోపలికి ఒక కాలనీలో టు-లెట్ బోర్డు కనపడింది. రెండంతస్తుల ఇల్లు, పైన మాకు సింగిల్ బెడ్రూం పోర్షన్, ముందు వేపచెట్టు. అద్దె 8,500, అడ్వాన్స్ రెండు నెలలు. ఓనర్ అంకుల్ మంచిగా మాట్లాడాడు. "ఫుల్ ప్రశాంతం బాబూ, పిల్లలు సదువుకోనీకి. మెట్రోకి పది నిమిషాలే." ఇంటిపేరు అడిగాడు. అసలు అడుగుతున్నది ఇంటిపేరు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అంతకుముందు మూడు ఇళ్లలో ఆ ప్రశ్న తర్వాత "మావాళ్లు ఎవరో వస్తమన్నరు" అనే జవాబు విన్నాం. ఇక్కడ సరే అన్నాడు. ఆ సంతోషంలో అగ్రిమెంట్ చదవకుండానే సంతకం పెట్టాను. నా మొదటి తప్పు అది కాదు, రెండోది. మొదటిది, ఆ పది నిమిషాలు ఎవరి పది నిమిషాలని అడగకపోవడం.

అవి ఆయన బైకు మీద, పొద్దున ఆరింటికి, ఖాళీ రోడ్డు మీద పది నిమిషాలు. మాకు బైకు లేదు. ఇంటి నుంచి స్టేషన్‌కు 3.8 కిలోమీటర్లు. మామూలుగా నడిచే మనిషి నిమిషానికి 80 మీటర్లు నడుస్తాడు అనుకుంటే 47 నిమిషాలు. షేర్ ఆటో పాయింట్‌కు 700 మీటర్లు నడవాలి, ఆటో నిండేదాకా ఆగాలి, చౌరస్తాలో ఇరుక్కోవాలి. వారం రోజులు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే సగటున 28 నిమిషాలు వచ్చింది. సగటు కూడా మనకు పనికొచ్చే అంకె కాదు, ఆఫీసుకు టైముకు చేరాలంటే ఘోరమైన రోజును లెక్కలో పెట్టుకోవాలి. అది 40. రాత్రి తొమ్మిది దాటితే షేర్ ఆటోలు లోపలికి రావు, మొత్తం ఆటో మాట్లాడుకుంటే 120.

చెల్లి సంగతి ఇంకా వింత. ఉచిత బస్సు ఎక్కడానికి అది రోజుకు 40 రూపాయల ఆటో ఎక్కేది.

కాగితం మీద పెడితే ఇలా వచ్చింది. ఇద్దరికీ షేర్ ఆటో రోజుకు 80 చొప్పున 25 రోజులకు 2,000. రాత్రుళ్లు ఆటో మాట్లాడుకున్నవి ఎనిమిది సార్లు, దాదాపు 1,000. ఆ కాలనీకి నల్లా కనెక్షన్ లేదు, బోరు ఎండాకాలం నుంచే నీరసించింది, ట్యాంకర్ ఖర్చులో మా వంతు 900. అంటే 8,500 ఇల్లు కరెంటు బిల్లు కలపకముందే 12,400 అయ్యింది. స్టేషన్‌కు ఎనిమిది నిమిషాల నడక దూరంలో 11,500కి ఒక పోర్షన్ చూసి, అమ్మో అంత అద్దా అని వచ్చేశాం మేము!

ఇక కరెంటు. మన ట్రిపుల్ ఈ వాళ్లు కూడా ఇల్లు చూసేటప్పుడు మీటరు చూడరు, నేను బెట్ కడతాను. కింద ఓనర్ వాళ్లకు, పైన మాకు కలిపి ఒకటే మీటరు, బిల్లు చెరిసగం. న్యాయంగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ మన బిల్లు స్లాబుల్లో నడుస్తుంది. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రేట్ల ప్రకారం, నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతవి 4.80 చొప్పున పడతాయి. 200 దాటితే పై యూనిట్లకే కాదు, మొదటి 200కి కూడా 5.10 పడుతుంది, ఆ పైన 300 దాకా 7.70. ఇప్పుడు రెండు పోర్షన్లు చెరో 150 యూనిట్లు వాడాయనుకోండి. విడి మీటర్లయితే ఒక్కొక్కరికి 580. ఒకే మీటరైతే మొత్తం 1,790, సగం 895. ఫ్యాను అదే, ఫ్రిజ్ అదే, 315 ఎక్కువ. అర్హత ఉన్నవాళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితమిచ్చే గృహజ్యోతి కూడా మీటరు చూసే లెక్క, ఉమ్మడి మీటరు 200 దాటితే అదీ చెల్లదు. ఇది ఓనర్ మోసం కాదు, ఆయన జేబుకూ నష్టమే.

డబ్బు సంగతి ఇంత వివరంగా చెప్పాను కానీ మేము ఆ ఇల్లు వదిలింది డబ్బు వల్ల కాదు.

ఆ వీధిలో పదకొండు ప్లాట్లుంటే కట్టిన ఇళ్లు నాలుగు. అందుకే అంత ప్రశాంతం. నేను 7:30కి వెళ్తే రాత్రి తొమ్మిదికి వచ్చేవాణ్ణి, చెల్లి ఎనిమిదింటికి. అమ్మ మా ఊళ్లో పొద్దున లేచి వాకిలి ఊడ్చేలోపు నలుగురితో మాట్లాడే మనిషి. ఇక్కడ ఓనర్ వాళ్లిద్దరూ ఉద్యోగాలకు పోయేవాళ్లు, మిగతా ఇళ్ల గేట్లు ఎప్పుడూ మూసే ఉండేవి. కిరాణా కొట్టుకు కిలోమీటరుపైన నడవాలి, ఖాళీ ప్లాట్లలో కుక్కలంటే భయం. "ఎట్లుందమ్మా" అంటే "మంచిగనే ఉంది" అనేది. మేమూ నమ్మాం. నమ్మితే మాకు సుఖం కదా.

ఒకరోజు ఫ్రిజ్ తెరిస్తే కింది బుట్ట నిండా టమాటాలు, సగం మెత్తబడి ఉన్నాయి. "రోజూ ఎందుకమ్మా కొంటున్నవ్, డబ్బులు దండుగ" అని కసిరాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది, "కూరగాయల బండాయన పదకొండుకు వస్తడు బిడ్డా. పొద్దుగాలంత మాట్లాడేది ఆయనొక్కనితోనే. ఏం కొనకుంట మాట్లాడితే బాగుండదు గద."

ఆ ఆదివారమే ఇల్లు మారదామన్నాను.

ఇక్కడ నా రెండో తప్పు బయటపడింది. అందరూ రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంటే మాదీ. పదకొండే ఎందుకంటే, ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది, ఆ ఖర్చు తప్పించుకోవడానికి. మా కాగితంలో ఒక వాక్యం ఉంది: ఎప్పుడు ఖాళీ చేసినా రంగులకు ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి మినహాయింపు. మూడు నెలలే ఉన్నాం, గోడకు మేకు కూడా కొట్టలేదు, అయినా 8,500 పోయాయి. నేను 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తెరిచి కూర్చున్నాను. అందులో 108వ సెక్షన్ ప్రకారం, మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అద్దెదారుడి బాధ్యత లేదు. సంతోషం. కానీ అదే సెక్షన్ మొదట్లో, ఇద్దరి మధ్య వేరే ఒప్పందం గానీ ఆ ఊరి వాడుక గానీ లేనప్పుడు అని ఉంది. ఒప్పందం నా సంతకంతో ఉంది. ఊరి వాడుక అంటారా, హైదరాబాద్‌లో ఎవర్నడిగినా అదే చెబుతారు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో సున్నాలు, తలుపులకు రంగులు ఓనర్ బాధ్యతే అని, నివాసాలకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదని, ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని ఉంది. పేరులోనే ఉంది, అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటే తప్ప దాన్ని చూపించి గెలవలేం. సంతకానికి ముందు బేరమాడటానికి మాత్రం పనికొస్తుంది. రెండో ఇంట్లో నేను చేసింది అదే. రంగుల వాక్యం చూపించి, ఏడాది లోపు ఖాళీ చేస్తే సగమే పట్టుకోవాలని పెన్నుతో మార్పించి ఇద్దరం పక్కన సంతకం పెట్టాం. ఓనర్ ఆంటీ నవ్వింది, "లాయర్ సదువుతున్నవా బాబూ" అని.

రెండో ఇల్లంటే, అప్పుడు వద్దనుకున్న ఆ 11,500 పోర్షనే, అదృష్టం కొద్దీ ఇంకా ఖాళీగా ఉంది. ఈసారి మూడుసార్లు వెళ్లి చూశాను: పొద్దున ఎనిమిదికి, సాయంత్రం చీకటి పడేటప్పుడు, రాత్రి పదికి. నాగోలులో సాయంత్రం చూడకపోతే మూసీ దోమల సంగతి తెలియదు, రాత్రి చూడకపోతే ఫంక్షన్ హాల్ డీజే సంగతి తెలియదు. కిటికీలోంచి కనపడే ఖాళీ ప్లాట్లు కూడా లెక్కపెట్టాను. ఖాళీ ప్లాటంటే ఇవాళ నిశ్శబ్దం, రేపు బోరు మెషిను, కాంక్రీట్ మిల్లరు, టైల్స్ కటింగు. మొదటి ఇంటి ఓనర్ చెప్పిన ప్రశాంతం అబద్ధమేం కాదు, దానికి గడువుందంతే. అలాగే ఇంకో ఓనర్ "మన ముందరి నుంచే ఎయిర్‌పోర్ట్ మెట్రో పోతది" అని వెయ్యి ఎక్కువ చెప్పాడు. రెండో దశ ప్రతిపాదనల్లో నాగోలు నుంచి ఎల్బీనగర్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయం దాకా లైను ఉన్న మాట నిజమే. కానీ నా ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు. రాబోయే రైలుకు ఇప్పటి నుంచే అద్దె ఎందుకు కట్టాలి?

కొత్త ఇల్లు ప్రశాంతంగా లేదు. కింద జిరాక్స్ షాపు, మెయిన్ రోడ్డు హారన్లు వంటింట్లోకి వినపడతాయి. చెల్లి మొదటి వారం ఏడ్చింది, ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదువుతోంది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, మీటరు మాది మాకే, కరెంటు కలిపినా 12,080 దగ్గర ఆగింది. నా ఇంటర్న్‌షిప్ అయిపోయి హాస్టల్‌కి తిరిగొచ్చేశాను, అమ్మా చెల్లీ ఇంకా అక్కడే. పోయిన వారం వెళ్తే అమ్మ మెట్ల మీద పక్క పోర్షన్ ఆంటీతో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి, "ఈ హారన్ల మోతకు తలకాయ నొస్తుందిరా" అంది, మళ్లీ ఆంటీ వైపు తిరిగి ఆగిన మాట అందుకుంది.

ఆ మొదటి ఇల్లు ఖాళీ చేసిన రోజు సామాను ట్రాలీలో వేస్తుంటే గేటుకు టు-లెట్ బోర్డు అప్పటికే కట్టి ఉంది. బ్యాగు తగిలించుకున్న ఒకబ్బాయి వాళ్ల అమ్మతో వచ్చాడు, మన వయసే ఉంటుంది. ఓనర్ అంకుల్ ఆమెకు పై పోర్షన్ చూపించడానికి తీసుకెళ్లాడు. అబ్బాయి నన్ను అడిగాడు, "అన్నా, మెట్రో నిజంగ పది నిమిషాలేనా?" ఆయన ఇంటి ముందు నిలబడి ఆయన ఇంటి గురించి ఏం చెప్పను? ఆటో పాయింట్ ఎటో చూపించి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసుకుని ఒకసారి పోయి రమ్మన్నాను. ట్రాలీ కదిలేటప్పటికి వాడింకా తిరిగి రాలేదు.