మన పిల్లలకు స్పానిషు: తొలి పాఠం ఎక్కడ మొదలు కావాలి?

స్పానిషు నేడు స్పెయిన్ దేశానికి మాత్రమే చెందిన భాష కాదు. స్పెయినుతోబాటు మెక్సికో, కొలంబియా, పెరూ, చిలీ, అర్జెంటీనా మొదలైన ఇరవై దేశాలలో అది రాజ్యవ్యవహార భాషగా ఉన్నది. దానిని తల్లిభాషగా గలవారు యాభై కోట్లకు దగ్గరగా ఉన్నారు. ఇంత విస్తృతి గల భాషను మన ప్రాంతపు పసిపిల్లలకు నేర్పవచ్చునా, నేర్పితే ఏ మార్గాన నేర్పవలెననేది ఈ వ్యాసంలో విచారింపదలచిన విషయం.

తెలుగువారికి స్పానిషుతో పరిచయం కొత్తది కాదు. 1958లో హైదరాబాదులో వెలసిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ 1972లో విదేశీ భాషలను కూడా తన పేరులో చేర్చుకొన్నది; 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. ఉస్మానియా ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న ఆ విద్యాలయంలో స్పానిషు బోధన జరుగుతున్నది. అనంతపురం కథ మరొక తీరుది. బార్సిలోనాలో 1920లో జన్మించిన విసెంతె ఫెర్రెర్ 1952లో భారతదేశానికి వచ్చి, 1969 నుండి అనంతపురంలో స్థిరపడి, 2009లో అక్కడనే కన్నుమూశాడు. ఆయన నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ ద్వారా స్పెయిన్ కుటుంబాలు అక్కడి బాలబాలికలకు చేయూతనిచ్చాయి. కరువుసీమ పిల్లవాడు తెలుగులో వ్రాసిన ఉత్తరం స్పానిషులోనికి మారి సముద్రాలు దాటి వెళ్లింది. గ్రామీణ పట్టభద్రులకు స్పానిషు నేర్పే ఏర్పాటు కూడా ఆ సంస్థ చేసింది. ఇక అమెరికాలో, ముఖ్యంగా టెక్సాస్, కాలిఫోర్నియా రాష్ట్రాలలో పెరిగే తెలుగు పిల్లలకు బడిలో ఇంగ్లీషు తరువాత ఎక్కువగా ఎదురయ్యే భాష ఇదే.

అయితే మన దేశంలో పసివాళ్లకు ఈ భాష చెప్పే సందర్భాలు మిక్కిలి తక్కువ. 2020 నాటి జాతీయ విద్యావిధానం స్పానిషును పేర్కొన్నది గాని, అది మాధ్యమిక స్థాయికి సంబంధించిన మాట. చిన్న పిల్లలకు నేర్పే కొద్దిచోట్ల కూడా పాఠమంతా ఇంగ్లీషు మీదుగా నడుస్తుంది. నా అభిప్రాయంలో చిక్కంతా ఇక్కడనే ఉన్నది. ఇంగ్లీషు పిల్లవాడికి కష్టమైనది మన పిల్లవాడికి సులువు కావచ్చును. ఆ సంగతి ఇంగ్లీషు పిల్లల కోసం వ్రాసిన పుస్తకానికి తెలియదు.

ముందుగా ఉచ్చారణ చూడండి. స్పానిషులో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లీషు బాలుడు నెలల తరబడి సాధన చేసే ఈ ఐదూ తెలుగు బిడ్డకు ఉగ్గుపాలతో వచ్చినవి. పదాలు అచ్చుతో ముగియడం మనకు సహజం. ‘కాస’ అంటే ఇల్లు, ‘మేస’ అంటే బల్ల, ‘అమీగొ’ అంటే స్నేహితుడు, ఇవేవీ తెలుగు నాలుకకు పరాయిగా తోచవు. వారి తకారం మన ‘త’ వంటిది, దకారం ‘ద’ వంటిది. కాని ఇంగ్లీషు మీదుగా నేర్చిన పిల్లవాడు ‘తొమాతె’ను ‘టొమాటే’ అంటాడు! తనకు ఉన్నదానిని పోగొట్టుకొని లేనిదానిని తెచ్చుకోవడం అంటే ఇదే.

రేఫ విషయం ఇంకా ముచ్చటైనది. ‘పెరొ’ అంటే ‘కాని’; అదే రేఫను గట్టిగా అదిలించి ‘పెఱ్ఱొ’ అంటే ‘కుక్క’. మన ప్రాచీన కవులు సాధురేఫ, శకటరేఫలను వేరువేరుగా పాటించారు. వాడుకలో ఆ భేదం పోయినా, ‘గొర్రె’, ‘కర్ర’, ‘బుర్ర’ అనే పసివాడి నోట ఆ ధ్వని సిద్ధంగానే ఉన్నది. కనుక గొర్రెతో మొదలుపెట్టి కుక్క వద్దకు తీసుకొనిపోవచ్చును. ఇక గొంతులో నుండి పలికే ఖకారం ఒకటి ఉన్నది. అది ఉర్దూలో ‘ఖబర్’, ‘ఖత్’ అనే మాటలలోని ‘ఖే’కు దగ్గరిది. దీనిలో ఉర్దూ పిల్లలు గురువులు, తెలుగు పిల్లలు శిష్యులు. జల్‌పల్లి వంటి చోట రెండు భాషల పిల్లలూ ఒకే బల్లమీద కూర్చుంటారు కాబట్టి ఒకరి లోటును మరొకరు తీర్చగలరు.

పదాల సంగతికి వద్దాం. క్రీ.శ. 711లో ముస్లిములు స్పెయినులో అడుగుపెట్టిన నాటి నుండి 1492లో గ్రెనడా చేజారేవరకు దాదాపు ఎనిమిది శతాబ్దాలు అరబ్బీ అక్కడ వినిపించింది. ఆ దారిలో చేరిన మాటలలో కొన్ని మన నేలమీద పుట్టినవే. స్పానిషులో ‘నరాంఖ’ అంటే నారింజ. సంస్కృతంలోని నారంగం పారశీకానికి, అక్కడి నుండి అరబ్బీకి, అటనుండి స్పెయినుకు ప్రయాణించింది. దాని మూలం దక్షిణాది భాషలలో ఉన్నదని పలువురు పండితుల భావన. ‘అసూకర్’ అంటే చక్కెర. శర్కర, షకర్, సుక్కర్ అనే మజిలీలు దాటి అక్కడికి చేరింది. వారు ‘అఖెద్రెస్’ అని పిలిచే ఆట మన చతురంగమే. ‘ఒఖలా’ అనే మాటకు ‘అట్లా జరిగితే బాగుండును’ అని అర్థం. అది దైవసంకల్పాన్ని తలచే అరబ్బీ పలుకుబడి నుండి వచ్చింది. ఇన్షాఅల్లా అనే ఇంటి పిల్లలకు దీనిని వేరుగా వివరించనక్కరలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మనవాళ్లలో కొందరు పోలిక కనబడగానే అంతా అరబ్బీ ప్రసాదమని పొంగిపోతారు. అది శాస్త్రం కాదు. ‘కమీస’ అంటే చొక్కా. మన కమీజుకు చుట్టమే. కాని ఆ మాట లాటిను నుండి అరబ్బీకి వచ్చిందే తప్ప అరబ్బీ నుండి లాటినుకు పోలేదని భాషావేత్తలు చెబుతారు. మరికొన్ని పోలికలు స్పానిషు సోదరభాషయైన పోర్చుగీసు వల్ల ఏర్పడినవి. మేస్త్రి, తువ్వాలు, బొత్తాము, పాదిరి పోర్చుగీసువారు మనకిచ్చిన మాటలు. స్పానిషులో అవే ‘మయెస్త్రొ’, ‘తొఆయ’, ‘బొతోన్’, ‘పాద్రె’. మనకు ఇల్లు కట్టే మేస్త్రి వారికి చదువు చెప్పే పంతులు! పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పి చూడండి, జన్మలో మరువరు.

వ్యాకరణంలో కూడా ఇంగ్లీషు కంటె తెలుగే మంచి వంతెన. ఇంగ్లీషులో ‘నేను’ ఇష్టపడతాను. తెలుగులో ‘నాకు’ ఇష్టం. స్పానిషు కూడా ‘మె గూస్త’ అని మన దారినే నడుస్తుంది. ‘తింటాను’ అన్నప్పుడు ‘నేను’ అని వేరుగా చెప్పనక్కరలేనట్లే అక్కడ కూడా క్రియ చివరి ప్రత్యయమే కర్తను తెలుపుతుంది. నువ్వు, మీరు అనే మన్నన భేదం ‘తూ’, ‘ఉస్తేద్’ అనే రూపాలలో ఉన్నది. విదేశీ విద్యార్థులను మిక్కిలి వేధించేది రెండు ‘ఉండు’ క్రియల సమస్య. ‘నేను ఉపాధ్యాయుణ్ణి’ అనడానికి ‘సొయ్’, ‘నేను బడిలో ఉన్నాను’ అనడానికి ‘ఎస్తొయ్’ వాడతారు. తెలుగు మొదటిదానిలో క్రియనే వాడదు, రెండవదానిలో తప్పక వాడుతుంది. అంటే ఆ భేదం మన మనస్సులో ముందే ఉన్నది. కాని ఈ పోలిక అంతటా నిలువదు: ‘చెట్టు ఎత్తుగా ఉన్నది’ అనేచోట స్పానిషు మొదటి క్రియనే కోరుతుంది. లింగం విషయంలో తెలుగు పిల్లవాడు తడబడతాడు, బల్ల స్త్రీలింగమంటే నవ్వుతాడు. మేజ్‌ను, కుర్సీని స్త్రీలింగంగా పలికే ఉర్దూ పిల్లవాడు నవ్వడు.

ఇదంతా ఉపాధ్యాయుడు తెలుసుకోవలసినది. ఆరేళ్ల పిల్లలకు చెప్పవలసినది కాదు. వారికి వ్యాకరణం అనే మాటే వినిపించరాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఆషర్ 1960లలో ఒక పద్ధతిని ప్రచారం చేశాడు: ముందు వినడం, విన్నదానిని శరీరంతో చేసి చూపడం, మాట్లాడడం ఆ తరువాత. ‘లెవాంతతె’ అనగానే లేవాలి, ‘సియేంతతె’ అనగానే కూర్చోవాలి. దీనికి నల్లబల్ల కూడా అక్కరలేదు. రోజుకు ఇరవై నిమిషాలు చాలును. మొదటి మూడు మాసాలు పలక పట్టించకపోవడమే మేలు.

సంస్కృతి అనగానే ఎద్దులపోరు బొమ్మ తగిలించడం ఒక దురలవాటు. దాని బదులు కూరగాయల బుట్ట తెచ్చి బల్లమీద పెట్టండి. మిరప, టమాట, మొక్కజొన్న, వేరుశనగ, బొప్పాయి, జామ, సీతాఫలం అన్నీ అమెరికా ఖండాల నుండి 1492 తరువాత స్పానిషు, పోర్చుగీసు ఓడల మూలంగా లోకమంతా ప్రాకినవే. మిరపకాయ లేని తెలుగు వంటను ఊహించుకొన్న పిల్లవాడికి మెక్సికో ఎక్కడున్నదో పటంలో వెదకాలని తానే అనిపిస్తుంది. మెక్సికోవారి మొక్కజొన్న ‘తొర్తీయ’ మన జొన్నరొట్టెకు వరుసకు చెల్లెలు; స్పెయినులో అదే పేరుతో అడిగితే గుడ్లు, ఆలుగడ్డలు కలిపి వేసిన అట్టు పెడతారు. కళ్లకు గంతలు కట్టుకొని వ్రేలాడే ‘పిన్యాత’ను కొట్టి మిఠాయిలు రాల్చుకొనే వారి ఆట ఉట్టికొట్టే మన పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. కొర్దోవా మసీదు బొమ్మ కూడా చూపవచ్చును. ఉర్దూ విద్యార్థులకు ఇక్బాల్ కావ్యం ద్వారా ఆ పేరు తెలిసినదే.

ఇక పెద్దల ఆక్షేపణ ఒకటి ఉన్నది. ఇంట ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, తెలుగు, హిందీ, దీనికి తోడు ఖురాన్ పఠనానికి అరబ్బీ. వీటి నడుమ స్పానిషు ఎందుకు? ఈ ప్రశ్నలో న్యాయమున్నది. 2018 నాటి చట్టం తెలంగాణ బడులలో తెలుగును తప్పనిసరి చేసినప్పటికీ మన వాడలలో పది గట్టెక్కిన ఎందరో తెలుగు దరఖాస్తు సొంతంగా వ్రాయలేకపోవుట మనమందరం ఎరుగుదుము. తెలుగు పీరియడును కోసి స్పానిషుకిచ్చే పథకమైతే నేనే ముందుగా వ్యతిరేకిస్తాను. స్పానిషు మాట చెప్పిన ప్రతిసారీ దాని తెలుగు, ఉర్దూ మాటలు రెండూ పిల్లల చేత పలికించే పద్ధతైతే, నారింజను అడ్డుపెట్టుకొని తెలుగు రాని పిల్లవాడికి తెలుగు, ఉర్దూ రాని పిల్లవాడికి ఉర్దూ నేర్పినట్లే అవుతుంది. మన కళాశాల విద్యార్థులలో రెండు భాషలూ వచ్చినవారు ఉన్నారు. వారిలో ఇద్దరు ముగ్గురు నగరంలోని విశ్వవిద్యాలయంలో ప్రాథమిక స్పానిషు చదివి వస్తే, వేసవి సెలవులలో ప్రక్కనున్న బడి పిల్లలతో ప్రయోగించి చూడవచ్చును. ఖర్చు కూరగాయల బుట్టకు మించదు. కమిటీ పెద్దలు ఈ విషయాన్ని వచ్చే సమావేశంలో పరిశీలించగలరని కోరుతున్నాను.