మీ వెబ్‌సైట్ డేటా ఎక్కడ కారిపోతోంది?

దేశీ బియ్యం, బెల్లం, గానుగ నూనె నేరుగా అమ్ముకోవడానికి ఇప్పుడు చాలామంది సొంత వెబ్‌సైట్ పెట్టుకుంటున్నారు. నెల సగం గడవకముందే బ్యాండ్‌విడ్త్ అయిపోయి సైట్ ఆగిపోతే, సరిగ్గా పండగ ముందు ఆర్డర్లు పోతాయి. పెద్ద ప్లాన్‌కి డబ్బు కట్టేముందు ఆగండి. పైపు కారుతుంటే ఇంకో బోరు వేయం కదా!

ముందు సీప్యానెల్‌లో ఏడబ్ల్యూస్టాట్స్ తెరవండి. ఏ రకం ఫైళ్ళు ఎంత డేటా తిన్నాయో అందులో కనిపిస్తుంది.

జేపీజీ పైన ఉంటే ఫోటోల బరువే కారణం. ఫోన్‌లో తీసిన ఫోటో ఒక్కోటి 5 ఎంబీ అనుకుందాం. అలాంటివి 12 ఒకే పేజీలో ఉంటే, ఆ పేజీ పూర్తిగా తెరిచిన ప్రతిసారీ 60 ఎంబీ పోతుంది. 10 జీబీ ప్లాన్ 170 మందికి కూడా సరిపోదు! అవే ఫోటోలు 200 కేబీకి తగ్గించి పెడితే 4,000 మంది దాకా చూడొచ్చు. 1200 పిక్సెళ్ళ వెడల్పు చాలండీ, వరి కంకి అందులోనూ అందంగానే కనిపిస్తుంది.

ఎంపీ4 పైన ఉంటే వీడియోలు సైట్‌లోంచి తీసేసి యూట్యూబ్‌లో పెట్టి, ఇక్కడ ఎంబెడ్ చేయండి. అప్పుడు వీడియో డేటా యూట్యూబ్ సర్వర్ నుంచే వెళ్తుంది.

ఫోటోలు చిన్నవే, చూసేవాళ్ళూ తక్కువే, అయినా డేటా పోతోందా? అప్పుడు రెండు అనుమానాలు. ఒకటి, వేరే సైట్ వాళ్ళు మీ ఫోటో లింకు వాడుకోవడం. వాళ్ళ పేజీ తెరిచినా ఖర్చు మీదే. సీప్యానెల్‌లో హాట్‌లింక్ ప్రొటెక్షన్ ఆన్ చేయండి, అనుమతి జాబితాలో మీ సైట్ పేరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మీ ఫోటోలు మీ సైట్‌లోనే కనబడవు.

రెండోది బాట్లు. ఏడబ్ల్యూస్టాట్స్‌లోనే రోబోట్ల పట్టిక విడిగా ఉంటుంది. గూగుల్‌బాట్‌ని మాత్రం ఆపొద్దు, కొనేవాళ్ళు మిమ్మల్ని వెతికి పట్టుకునేది దానివల్లే. జీపీటీబాట్, సీసీబాట్ లాంటివి వద్దనుకుంటే రోబోట్స్ ఫైల్‌లో రాస్తే చాలు. మాట వినని బాట్లు కూడా ఉంటాయి. ఒకే ఐపీ నుంచి వేలసార్లు వస్తుంటే, అది మీ సొంత ఐపీ కాదని చూసుకుని, ఐపీ బ్లాకర్‌లో పెట్టేయండి.

ఒక్కో మార్పు చేశాక రెండు మూడు రోజులు ఆగి లెక్క చూడండి. అన్నీ ఒకేరోజు మారిస్తే లీకు ఎక్కడుందో తెలియదు.