రెక్టిఫయర్‌ను జరపాలంటే ముందు లెక్క, తర్వాత పానా

స్పోర్ట్స్ బైక్ ఫెయిరింగ్ ఒక్కసారి విప్పి చూస్తే లోపల ఖాళీ జాగా అనేదే ఉండదు. బ్యాటరీ, ఫ్యూజ్ బాక్స్, స్టార్టర్ రిలే, ఈసీయూ, రెక్టిఫయర్, హారన్, అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఇరికించి ఉంటాయి. అందుకే వీటిలో ఏదో ఒకదాన్ని ఇంకో చోటికి మార్చాలని చాలామందికి అనిపిస్తుంది. వీడియోల్లో చూస్తే పది నిమిషాల పని. కానీ ఒక పార్టును జరిపితే దానికి తగిలే వేడి, దాని వైరు పొడవు, దాని మీద పడే నీళ్లు, దానికొచ్చే వైబ్రేషన్ నాలుగూ మారుతాయి. ఆ నాలుగింటికీ కాగితం మీద జవాబు రాసుకున్నాకే పానా పట్టుకోవాలన్నది ఈ వ్యాసంలో నా పాయింట్.

నేను సీఎస్ఈ స్టూడెంట్‌ని. ఇది నేర్చుకోవాల్సిన అవసరం మా ఇంట్లోనే వచ్చింది. మా పెద్దబాపు కొడుకు ఆదిలాబాద్‌లో పని చేస్తడు, ఇల్లు కరీంనగర్‌లో. వారం వారం జగిత్యాల, నిర్మల్ మీదుగా ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బైక్ మీదనే వస్తడు, పోతడు. ఏ కంపెనీ బండో ఇక్కడ అవసరం లేదు. ఏడాదిలో రెండు రెక్టిఫయర్లు కాలిపోయినయి. రెండోది పోయింది రాత్రిపూట, నిర్మల్ దాటినంక, 44వ నంబర్ హైవే మీద. హెడ్‌లైట్ మెల్లగా ఎర్రబడింది, తర్వాత ఇంజన్ ఆగింది, వెనక లైటు కూడా పోయింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో బ్యాటరీ పడిపోతే పెట్రోల్ పంపు తిరగదు, ఈసీయూ పని చేయదు. లైటు లేని బండి వెనక వచ్చే లారీ డ్రైవర్‌కు కనపడదు. ఆ రోజు అన్న రోడ్డు దిగి పక్కకు తోసుకుపోయిండు కాబట్టి సరిపోయింది. మూడోది కొనే ముందు అది అసలు ఎందుకు కాలుతుందో తెలుసుకుందామని కూర్చున్నం.

రెక్టిఫయర్ చేసే పని

ఇంజన్ తిరుగుతుంటే దాని పక్కనున్న స్టేటర్‌లో మూడు ఫేజుల ఏసీ కరెంటు పుడుతుంది. ఆర్‌పీఎం పెరిగిన కొద్దీ వోల్టేజ్ పెరుగుతుంది. బ్యాటరీకి కావాల్సింది మాత్రం దాదాపు 14 నుంచి 14.5 వోల్టుల డీసీ. మధ్యలో ఉన్న రెగ్యులేటర్ రెక్టిఫయర్ ఏసీని డీసీ చేస్తుంది, ఎక్కువైనదాన్ని ఆపుతుంది. మన వాడుకలో దాన్ని ఉత్త రెక్టిఫయర్ అనే అంటం.

ఎక్కువైన కరెంటును ఎట్లా ఆపుతుందన్నదే అసలు సంగతి. చాలా బండ్లలో ఉండేది షంట్ రకం. అవసరం లేని కరెంటును అది స్టేటర్‌కే షార్ట్ చేసి తిప్పి పంపుతుంది. అంటే లైట్లు వాడినా వాడకపోయినా కరెంటు పారుతూనే ఉంటుంది. లోపలి డయోడ్లు, థైరిస్టర్ల మీద ఒక్కోదానికి సుమారు 1 వోల్టు పోతుంది. 15 ఆంపియర్ల కరెంటు అలాంటి రెండింటి గుండా పోతే 2 × 15 = 30 వాట్లు, అదంతా వేడి. మన ల్యాబ్‌లో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. ఆ వేడికి మించింది ఒక చిన్న అల్యూమినియం డబ్బాలో, ఆదిలాబాద్ చేరేదాకా గంటల తరబడి పుడుతూనే ఉంటుందన్నమాట.

హెడ్‌లైట్‌కు ఎల్‌ఈడీ వేస్తే రెక్టిఫయర్‌కు రెస్ట్ దొరుకుతుందని చాలామంది అంటారు. షంట్ రకంలో అది నిజం కాదు. బల్బు తగ్గించిన కరెంటు రెక్టిఫయర్‌లోనే తిరుగుతుంది.

ముందు చూడాల్సింది కనెక్టర్

పార్టు పోయిందంటే జాగా బాగా లేదని వెంటనే అనుకోవద్దు. చాలాసార్లు తప్పు కనెక్టర్‌ది. పిన్ను లూజై, తుప్పు పట్టి, అక్కడ 0.05 ఓమ్ రెసిస్టెన్స్ వచ్చిందనుకుందాం. కరెంటు 15 ఆంపియర్లు. 15 × 15 × 0.05 = 11 వాట్లకు పైనే. గోరంత పిన్ను మీద అంత వేడి పడితే ప్లాస్టిక్ కరగక ఏమైతది? కనెక్టర్ గోధుమ రంగుకు మారిందా, మెత్తబడిందా చూడండి. అది మార్చితేనే సమస్య పోవచ్చు. థైరిస్టర్ల బదులు మోస్‌ఫెట్‌లు వాడే రెక్టిఫయర్లు కూడా ఉన్నాయి. వాటి మీద పోయే వోల్టేజ్ తక్కువ, అందుకే వేడీ తక్కువ. జరపకుండానే పని అయితే జరపకపోవడమే మంచిది.

మా అన్న బండిలో కనెక్టర్ బాగానే ఉంది. రెక్టిఫయర్ మాత్రం ఇంజన్ వెనక, గాలి తగలని మూలకు ఉంది. రామగుండం, కరీంనగర్ ఎండాకాలంలో బయటి గాలే 45 డిగ్రీలు దాటుతుంది. ఇంజన్ వెనక మూలలో అంతకంటే చాలా ఎక్కువే. అందుకే జరపాలని తేల్చుకున్నం.

కొత్త జాగా

గాలి తగలాలని ముందుకు తెస్తే అక్కడా ఇబ్బందులున్నాయి. రేడియేటర్ వెనక వచ్చేది వేడి గాలి, అది పనికి రాదు. ముందు టైరుకు ఎదురుగా పెడితే బురద కొడుతుంది. ఆదిలాబాద్ దిక్కు పత్తి పండే నల్లరేగడి నేల. వానాకాలం ఆ మట్టి రెక్టిఫయర్ రెక్కల మధ్య పట్టిందంటే ఎండి దుప్పటి కప్పినట్టు అవుతుంది, వేడి బయటికి పోదు. కాబట్టి గాలి దారిలో ఉండాలి, టైరు చిమ్మే దారిలో ఉండొద్దు.

మేం ఫెయిరింగ్ లోపల ఎడమ పక్కన, రేడియేటర్ అంచు దాటినంక గాలి వచ్చే సందులో పెట్టినం. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకును బ్రాకెట్‌గా వంచి, ముందే ఉన్న బోల్టుకు బిగించినం. ఫ్రేమ్‌కు మాత్రం రంధ్రం వేయొద్దు, అక్కడ బలం తగ్గుతుంది. రెక్టిఫయర్ వెనక భాగానికి, రేకుకు మధ్యన థర్మల్ పేస్ట్ పూసినం. సీపీయూ మీద పూసేదే, కారణం కూడా అదే. రెక్కలు గాలి పోయే దిశలో ఉండాలి. కొన్ని బండ్లలో రెక్టిఫయర్‌కు ఎర్త్ దాని బాడీ నుంచే అందుతుంది. అట్లాంటిదైతే విడిగా ఎర్త్ వైరు వేయాలి.

వైరు లెక్క

కొత్త జాగాకు వైర్లు 60 సెంటీమీటర్లు పెంచాల్సి వచ్చింది. డీసీ వైపు పాజిటివ్, నెగటివ్ కలిపితే 1.2 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటర్ రాగి వైరుకు మీటరుకు సుమారు 0.017 ఓమ్. 12 ఆంపియర్ల కరెంటు పోతే:

1 చదరపు మిల్లీమీటర్ వైరు: 1.2 × 0.017 × 12 = సుమారు 0.25 వోల్టు నష్టం.
2.5 చదరపు మిల్లీమీటర్ వైరు: సుమారు 0.1 వోల్టు నష్టం.

పావు వోల్టే కదా అనిపిస్తుంది. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీకి అది చిన్నది కాదు. చలి పెరిగితే ఆ బ్యాటరీ చార్జ్ కావడానికి ఇంకొంచెం ఎక్కువ వోల్టేజ్ అడుగుతుంది. ఒక్కో సెల్‌కు డిగ్రీకి సుమారు 3 మిల్లీవోల్టులు. ఆరు సెల్స్‌కు 18. మామూలుగా 25 డిగ్రీలకు లెక్క కడతారు. ఆదిలాబాద్ చలికాలం పొద్దున 10 డిగ్రీలుంటే 15 × 18 = 270 మిల్లీవోల్టులు ఎక్కువ కావాలి. ఎక్కువ కావాల్సిన టైంలో సన్న వైరు పావు వోల్టు తినేస్తే, బ్యాటరీ రోజూ అరకడుపుతోనే ఉంటుంది.

ఇక్కడొక ఉపాయం ఉంది. స్టేటర్ నుంచి వచ్చే మూడు ఏసీ వైర్లలో కొంచెం వోల్టేజ్ పోయినా రెగ్యులేటర్ సర్దుకుంటుంది. దాని తర్వాత డీసీ వైపు పోయింది మాత్రం బ్యాటరీకి నేరుగా తగ్గుతుంది. పొడవు పెంచక తప్పకపోతే ఏసీ వైపు పెంచి, డీసీ వైపు వీలైనంత పొట్టిగా ఉంచండి. కరెంటు మోయడంలో రాగి కంటే వెండి మేలు, మన కరీంనగర్ ఫిలిగ్రీ పనివాళ్ల దగ్గర వెండి తీగకు కొదవ లేదు. కానీ మన బడ్జెట్‌కు 2.5 రాగి వైరే దిక్కు. ఇంటి వైరింగ్ వైరు వాడొద్దు, దాని ఇన్సులేషన్ సాధారణంగా 70 డిగ్రీల వరకే. ఆటోమొబైల్ షాపులో ఎక్కువ వేడి ఆగే సన్నపోగుల వైరు అడగండి.

జాయింట్లు, నీళ్లు

వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం మన దగ్గర అందరూ చేసే పని. మే నెల ఎండకు ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది. సోల్డర్ చేస్తే గట్టిగా ఉంటుందనుకుంటాం, కానీ సోల్డర్ వైరు పోగుల్లోకి పాకి ఆ ముక్కను కడ్డీలా చేస్తుంది. వైబ్రేషన్‌కు సరిగ్గా ఆ కడ్డీ అయిపోయే చోటే వైరు తెగుతుంది. మంచి క్రింపింగ్ టూల్‌తో లగ్గు నొక్కి, పైన జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయడం మేలు. వైరు కనెక్టర్‌లోకి పైనుంచి దిగకుండా, కిందికి వంగి మళ్లీ పైకి ఎక్కాలి. అప్పుడు వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

జరపకూడనివి

బ్యాటరీ: స్టార్టర్ మోటార్ పదుల ఆంపియర్లు లాగుతుంది. కేబుల్ పెంచితే సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజ్ పడుతుంది. యాసిడ్ పోసే రకం బ్యాటరీని పక్కకు పడుకోబెడితే యాసిడ్ కారుతుంది.

మెయిన్ ఫ్యూజ్: బ్యాటరీ పాజిటివ్‌కు ఎంత దగ్గరుంటే అంత మంచిది. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ దాకా ఉన్న వైరుకు కాపలా ఎవరూ లేరు. అది ఒరిసి ఫ్రేమ్‌కు తగిలితే వందల ఆంపియర్లు పారుతాయి, పైన పెట్రోల్ ట్యాంక్ ఉంటుంది.

టిల్ట్ సెన్సర్: బండి పడిపోతే ఇంజన్ ఆపేది ఇదే. దీన్ని వేరే కోణంలో బిగిస్తే నిలబడ్డ బండి కూడా పడిపోయిందని ఈసీయూ అనుకుంటుంది, స్టార్ట్ కాదు. మన సీఎస్ఈ వాళ్లకు ఇది తెలిసిన సంగతే. సెన్సర్ ఒక నంబరే పంపుతుంది. ఆ నంబర్‌కు అర్థం, దాన్ని ఏ దిశలో బిగించారన్న దాని మీద ఉంటుంది.

ఏబీఎస్ యూనిట్: ముట్టుకోవద్దు. అది బ్రేకు.

పని వరుస, పరీక్ష

ముందు అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి. బ్యాటరీ నెగటివ్ మొదట తీసి, చివర పెట్టండి. పాజిటివ్ ముందు విప్పితే పానా ఫ్రేమ్‌కు తగిలినప్పుడు షార్ట్ అవుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు స్టేటర్ వైర్లను చేత్తో ముట్టొద్దు, ఆర్‌పీఎం పెరిగితే అక్కడ వోల్టేజ్ 12 కంటే చాలా ఎక్కువ ఉంటుంది.

బిగించినంక మల్టీమీటర్ తీయండి. ఇంజన్ ఆపి బ్యాటరీ చూస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 4000, 5000 ఆర్‌పీఎం మీద 14 నుంచి 14.5 రావాలి. తర్వాత లైట్లు వేసి, మీటర్ ఒక కొన రెక్టిఫయర్ పాజిటివ్ మీద, ఇంకో కొన బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టండి. కనిపించేది ఆ దారిలో పోతున్న వోల్టేజ్. 0.2 దాటితే జాయింట్ మళ్లీ చూడాలి. నెగటివ్ వైపు కూడా ఇట్లనే. చివరగా హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి ఏ వైరూ లాగడం లేదని, నలగడం లేదని చూడండి.

వారంటీ ఉన్న బండి అయితే ఈ పని మొదలుపెట్టే ముందే సర్వీస్ సెంటర్‌లో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి. మోటార్ వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్, ఆర్‌సీలో రాసిన వివరాలు మారేలా బండిని మార్చొద్దంటుంది. రెక్టిఫయర్ జాగా ఆర్‌సీలో ఉండదు, కానీ దాంతోపాటు ఇంకేమేం మారుస్తున్నారో చూసుకోవాలి.

అన్న బండి ఈ మార్పుతో ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటింది. మూడో రెక్టిఫయర్ ఇంకా నడుస్తోంది. నెలకోసారి మీటర్ పెట్టి చూసుకుంటున్నడు, రీడింగులు ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నడు. మీ బండి సంగతి వేరే ఉండొచ్చు, మీ లెక్క కూడా వేరే వస్తుంది. వైరు పొడవు, కరెంటు, వేడి, ఈ మూడూ రాసుకొని రండి. ట్రిపుల్ ఈ, మెకానికల్ ఫ్రెండ్స్‌ను కూడా పిలిచి కలిసి కూర్చొని చూద్దాం.