చుండ్రు షాంపూ జుట్టును కాపాడుతుందా?

హాస్టల్లో జుట్టు రాలితే ముందు తిట్టేది బోరు నీళ్లనే. నిజానికి రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. అంతకు మించి రాలుతూ, తల దురదపెట్టి పొట్టు లేస్తుంటే మలసీజియా అనే ఫంగస్‌ని అనుమానించాలి. ఇది అందరి తలలోనూ ఉండేదే. జిడ్డే దాని తిండి. అందుకే చుండ్రు తలకి నూనె దట్టిస్తే దానికి మేత వేసినట్టే.

2 శాతం కీటోకొనజోల్ షాంపూ దీన్ని అణుస్తుంది. వారానికి రెండుసార్లు, కుదుళ్లకి పట్టించి, 3 నుంచి 5 నిమిషాలు ఆగి కడగాలి. వెంటనే కడిగేస్తే మందు సరిగా పనిచేయదు. రెండు నుంచి నాలుగు వారాలు వాడి చూడాలి. చుండ్రు తగ్గితే దానివల్ల రాలే జుట్టూ తగ్గుతుంది.

నుదురు వెనక్కి జరిగే వంశపారంపర్య బట్టతల సంగతి వేరు. దాని వెనక హార్మోన్ల ప్రభావం ఉంటుంది; షాంపూ ఒక్కటే చాలదు. అప్పుడు మార్చాల్సింది సీసాని కాదు, చర్మవైద్యుణ్ణి కలవాలి.