క్యాంపుకు బయలుదేరే ముందు: ట్రైలర్ చక్రాల బేరింగులు



వేసవి క్యాంపుకు ట్రైలర్ తగిలించుకొని వెళ్లే కుటుంబాలు మనలో కొన్ని ఉన్నాయి. బయలుదేరే ముందు టైర్లలో గాలి చూస్తాం, లైట్లు చూస్తాం. చక్రం లోపలి బేరింగుల సంగతి మరచిపోతాం. రెండేళ్ల క్రితం నేనూ మరచిపోయాను. హైవే పక్కన గ్యాస్ కోసం ఆగితే కాలిన గ్రీజు వాసన. కుడివైపు చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. కారు వెనుక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. అలాగే సాగిపోయి ఉంటే బేరింగు బిగుసుకుపోయి చక్రమే ఊడిపోయేదేమో.

ఆ ఏడాది నేను లాగింది కొన్ని వందల మైళ్లే. అందుకే పరవాలేదనుకున్నాను. నా పొరపాటు అక్కడే ఉంది. ట్రైలర్ నెలల తరబడి కదలకుండా నిలబడితే రోలర్ల మీది గ్రీజు కిందికి జారుతుంది, తేమ చేరుతుంది, తుప్పు చుక్కలు పడతాయి. యాక్సిల్ తయారీదారులు సాధారణంగా చెప్పేది 12 నెలలు లేదా 12,000 మైళ్లు, ఏది ముందు వస్తే అది. నేటి కార్లలో చాలావాటికి సీల్ చేసిన బేరింగులే ఉంటాయి, వాటిని మనం విప్పం. ఆ అలవాటే ట్రైలర్ దగ్గర మనల్ని మోసం చేస్తుంది. పైగా ఇక్కడ డాష్‌బోర్డు మీద ఏ హెచ్చరికా వెలగదు. ఎర్రర్ మెసేజ్ లేకుండా కూలిపోయే ప్రోగ్రామ్ లాంటిదే!

ముందు పరీక్ష. ట్రైలర్‌ను బండికి తగిలించే ఉంచి, రెండో వైపు చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీని యాక్సిల్ గొట్టానికి కాక ఫ్రేముకు పెట్టి లేపండి. చక్రాన్ని పైన, కింద పట్టుకొని ఊపి చూడండి. బాగా ఊగినా, తిప్పితే గరగరమన్నా విప్పాల్సిందే.

విప్పాక పాత గ్రీజంతా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. గాలి గొట్టంతో బేరింగును గిర్రున తిప్పకండి, అది ప్రమాదం. రోలర్ల మీద గుంటలు గానీ నీలిరంగు మచ్చలు గానీ కనిపిస్తే బేరింగును, అది కూర్చునే రింగును కలిపే మార్చండి. బాగుంటే అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకొని, బేరింగు వెడల్పు అంచును దానిలోకి నొక్కుతూ, అవతలి అంచు నుండి గ్రీజు బయటికి వచ్చేదాకా నింపండి. సీల్, కాటర్ పిన్ ప్రతిసారీ కొత్తవే వేయండి.

అందరూ తడబడేది నట్టు దగ్గర. గట్టిగా బిగిస్తే మంచిదనుకుంటాం. బిగువు ఎక్కువైతే బేరింగు కాలిపోతుంది. మామూలు యాక్సిళ్లకు హబ్‌ను తిప్పుతూ సుమారు 50 ఫుట్-పౌండ్ల వరకు బిగించి, తరువాత హబ్‌ను కదపకుండా నట్టును వదులు చేసి, మళ్లీ వేళ్లతో మాత్రమే ఆనించాలి. కాటర్ పిన్ రంధ్రం కలవకపోతే కొంచెం వెనక్కి తిప్పండి, ముందుకు కాదు. మీ యాక్సిల్ పుస్తకంలో వేరే పద్ధతి ఉంటే అదే పాటించండి.

కొన్ని యాక్సిళ్లలో రబ్బరు మూత తీసి గ్రీజు గన్‌తో నేరుగా ఎక్కించవచ్చు. నేను దానినే నమ్ముకోను. సీల్ దెబ్బతింటే ఆ గ్రీజు బ్రేకుల మీదికి చేరుతుంది, లోపలి తుప్పు ఎలాగూ కనిపించదు.

బయలుదేరాక 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి చక్రం నట్లు బిగువు చూసుకోండి. ఆగిన ప్రతిచోటా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో హబ్‌లన్నీ చూడండి. ఒక్కటి మాత్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే ట్రైలర్‌ను ఇక కదపకండి.