మనసులో రాసుకున్న ఒప్పందం

అక్కల్లారా, ఒక అక్క సంగతి అనుకుందాం.

సముద్రం ఒడ్డు ఊరు. రొయ్యల షెడ్డులో పని. తలలు తీయాలి, పొట్టు వొలవాలి. రోజుకు ఇంత అని కూలి. పనిలో చేరినప్పుడు కాగితం ఏమీ రాసుకోలేదు.

ఆరేళ్లు గడిచాయి. సరుకు ఎక్కువ వస్తే ఆ అక్క రాత్రి పది దాకా కూర్చునేది. ఆ గంటలకు లెక్క అడిగేది కాదు. బిడ్డకు జ్వరం వస్తే యజమాని అడ్వాన్సు ఇచ్చేవాడు. చీకటి పడితే ఆటోలో ఇంటికి పంపేవాడు. సంక్రాంతికి చీర పెట్టేవాడు.

ఈ ఏడు కొత్త మేస్త్రీ వచ్చాడు. చీర లేదు. ఆటో లేదు. "కూలి ఇస్తన్నాం గదా, ఇంకేం కావాల?" అన్నాడు.

రోజు కూలి తగ్గలేదు. అయినా అక్కకు కడుపు రగిలింది. "చీర కోసం కాదమ్మా. మాట తప్పారు" అంది.

ఏ మాట? ఆ మాట ఎవరూ పైకి అనలేదే!

అమెరికాలో డెనీస్ రూసో అనే ప్రొఫెసరమ్మ సరిగ్గా ఈ సంగతినే పరిశోధించారు. 1989లో వ్యాసం రాశారు. 1995లో పుస్తకం రాశారు. "నేను ఇది చేస్తే వాళ్లు అది చేస్తారు" అని పనిచేసే మనిషి నమ్ముతుంది. ఆ నమ్మకమే మనసులోని ఒప్పందం అన్నారు ఆమె. చిక్కు ఎక్కడంటే, అది ఇద్దరి మనసుల్లో ఒకేలా ఉండదు. రాత్రి కూర్చున్నందుకు ఆటో అని అక్క అనుకుంది. ఆటో నా దయ అని యజమాని అనుకున్నాడు.

చదువు లేనందుకే ఇలా జరిగిందని అనుకోకండి. రూసో, రాబిన్సన్ అనే ఇంకొకామె కలిసి 128 మంది పెద్ద చదువుల వాళ్లను అడిగారు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒకసారి, రెండేళ్ల తర్వాత ఇంకోసారి. కంపెనీ మాట తప్పిందని సగం మందికి పైగా చెప్పారు. ఆ పరిశోధన 1994లో అచ్చయింది.

మాట తప్పడం అన్నిసార్లూ ఒకటే కాదు. తెలియక తప్పవచ్చు. వీలుకాక తప్పవచ్చు. కావాలనీ తప్పవచ్చు. 1994లో మన రొయ్యల గుంటలకు తెగులు తగిలింది. గుంటలు దెబ్బతిన్నాయి. అప్పుడు పని ఇవ్వలేనివాడిది వీలుకాకపోవడం. సరుకు నిండా ఉండి ఆటో ఆపినవాడిది వేరు. అందుకే ముందు "ఎందుకు ఆపారు?" అని అడగాలి. కోపం తర్వాత.

చీర, ఆటో ఎవరి మనసులో మాటైనా కావచ్చు. కూలి అలా కాదు. దానికి చట్టం ఉంది. 1948లో కనీస వేతనాల చట్టం వచ్చింది. ఆడా మగా ఒకే పని చేస్తే ఒకే కూలి అని 1976లో ఇంకో చట్టం వచ్చింది. తర్వాత వీటిని వేతనాల కోడ్ 2019లో కలిపారు. అది 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. రోజు కూలి మీద పనిచేసే వాళ్లు మామూలు గంటలు దాటి పనిచేస్తే, ఆ గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలని అందులో ఉంది.

మరి ఆరేళ్లు రాత్రి పది దాకా కూర్చున్న గంటలు? వాటికి ఒక చీర! నాకైతే చీర ఆగినందుకు కాదు, ఆ గంటలు లెక్క లేకుండా పోయినందుకే బాధ.

ఇప్పుడు మీకు రాయడం వచ్చు. నోటు పుస్తకంలో గీతలు గీయండి. తేదీ. పనికి వెళ్లిన గంట. తిరిగి వచ్చిన గంట. చేతికి వచ్చిన డబ్బు. తీసుకున్న అడ్వాన్సు. మేస్త్రీ ఏదైనా ఇస్తానంటే ఆ మాట కూడా అదే రోజు రాయండి.

మాట్లాడుకోండి:

మీ పనిలో ఎవరూ పైకి అనని మాటలు ఏమున్నాయి?

అవి యజమానికి కూడా తెలుసా?

పోయిన వారం మీరు ఎన్ని గంటలు పనిచేశారు? రాసి చూపించండి.